ఓడినవాడి అప్పు, గెలిచినవాడి అంగడి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. ఆ తరువాతి వారాల్లో అమ్మాన్ మీదుగా విమానాల్లో బొంబాయి చేరిన సుమారు లక్షా డెబ్భై వేల మంది భారతీయుల్లో కడప జిల్లావాళ్లున్నారు, గోదావరి జిల్లాలవాళ్లున్నారు. రావలసిన జీతం, బ్యాంకులో దాచుకున్న దీనార్లు, ఇంటి సామాను అన్నీ అక్కడే వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు. కొన్నేళ్లకు ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం ద్వారా, అర్జీ పెట్టుకున్న భారతీయులకు సొమ్ము అందింది. కువైట్ విడిచి రావలసి వచ్చినందుకు ఒంటరి మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్లు, కుటుంబానికి 5,000 నుంచి 8,000 డాలర్లు లెక్క కట్టారు. ప్రభుత్వాల కన్నా, పెద్ద కంపెనీల కన్నా ముందు మామూలు మనుషుల అర్జీలు తేల్చడం యుద్ధ పరిహారాల చరిత్రలో కొత్త సంగతి.

ఆ డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇరాక్ చమురు నుంచి. 1996 చివర్లో ‘ఆహారం కోసం చమురు’ పథకం కింద ఇరాక్‌ను చమురు అమ్ముకోనిచ్చినప్పుడు వచ్చిన ప్రతి వంద డాలర్లలో 30 పరిహార నిధికి మళ్లాయి. ఆంక్షల వల్ల ఆ దేశపు ఆసుపత్రుల్లో మందులు దొరకని రోజులవి. తరువాత ఆ వాటాను 25 శాతానికి, 2003లో సద్దాం పడిపోయాక 5 శాతానికి తగ్గించారు. చివరి వాయిదా 2022 మొదట్లో ముట్టింది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు. ఆక్రమణ సాగింది ఏడు నెలలు, చెల్లింపు సాగింది పాతికేళ్లకు పైగా.

ఓడినవాడు కడతాడు, గెలిచినవాడు బాగుపడతాడు అని లోకం అనుకుంటుంది. రెండు వందల ఏళ్ల లెక్కలు తిరగేస్తే ఆ మాట సగం కూడా నిలవదు. కట్టి బాగుపడ్డ దేశాలున్నాయి, పుచ్చుకుని చిక్కుల్లో పడ్డ దేశాలున్నాయి. గెలిచి కూడా కట్టిన దేశం ఒకటుంది. ఈ తేడాలు ఎందుకు వచ్చాయన్నదే ఈ వ్యాసం విషయం.

రొక్కం లేకపోతే నేల

పూర్వం దీనికి పేరు కప్పం, లేకపోతే జుర్మానా. గెలిచిన రాజు తన యుద్ధ ఖర్చంతా ఓడినవాడి నెత్తిన వేసేవాడు. 1792లో శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాన్ సగం రాజ్యం వదులుకుని, పైగా 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకోవలసి వచ్చింది. బాకీకి హామీగా ఇద్దరు కొడుకులను ఈస్టిండియా కంపెనీ చేతికి అప్పగించాడు. ఖజానాలో సొమ్ము చాలక ఉద్యోగుల మీద, రైతుల మీద వసూళ్లు వేశాడు. ఆ సంధిలో నిజాంకు దక్కిన వాటాలో కడప సీమ ఉంది. 1800లో కంపెనీ సైన్యం పోషణ ఖర్చు కింద నిజాం ఆ నేలనూ, 1799లో దక్కిన నేలనూ కలిపి కంపెనీకి ధారపోశాడు. రాయలసీమను దత్త మండలాలని పిలవడం అలా మొదలైంది. మన సీమ పాత పేరులోనే యుద్ధ ఖర్చుల లెక్క ఉంది.

1846లో లాహోర్ సిక్కు దర్బారుకూ ఇదే గతి పట్టింది. కంపెనీ అడిగిన జుర్మానా కోటిన్నర రూపాయలు. దర్బారు కట్టలేక కాశ్మీరంతో సహా కొండ ప్రాంతాలు వదులుకుంది. వారం తిరిగేసరికి కంపెనీ ఆ కాశ్మీరాన్ని 75 లక్షలకు గులాబ్ సింగ్‌కు కట్టబెట్టింది. రొక్కం లేనిచోట నేలే నాణెం అయింది.

పందొమ్మిదో శతాబ్దంలో నేలకు తోడు ఇంకొకటి వచ్చింది. అది లండన్, పారిస్ బ్యాంకుల అప్పు. ఓడినవాడు తన దగ్గర లేని సొమ్మును కూడా ఇప్పుడు కట్టగలడు. కట్టాక ఆ సొమ్ము ఎన్ని తరాలను వెంటాడుతుందో చూడాలంటే హైతీ వైపు చూడాలి.

గెలిచి కట్టిన దేశం

ఫ్రెంచి యజమానుల కింద బానిసలుగా బతికిన హైతీ ప్రజలు నెపోలియన్ సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్నారు. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ 14 యుద్ధనౌకలను ఆ తీరానికి పంపాడు. స్వాతంత్ర్యాన్ని గుర్తించాలంటే పాత యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టాలి, ఫ్రెంచి సరుకుల మీద సుంకం సగానికి తగ్గించాలి అన్నది షరతు. యజమానులు పోగొట్టుకున్న ‘ఆస్తి’లో బానిసలుగా ఉన్న ఆ మనుషులు కూడా లెక్కే.

మొదటి వాయిదా కట్టడానికి హైతీ పారిస్ బ్యాంకర్ల దగ్గరే 3 కోట్ల ఫ్రాంకులు అప్పు చేసింది. బ్యాంకర్లు 60 లక్షలు ముందే కోసుకుని 2 కోట్ల 40 లక్షలు చేతిలో పెట్టారు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు కానీ, ఆ బాకీ తీర్చడానికి చేసిన అప్పులు, వాటి మీద వడ్డీలు 1947 దాకా సాగాయి. కాఫీ పంట మీద వచ్చే సుంకం బడికీ బాటకూ పోకుండా పారిస్‌కు, ఆ తరువాత న్యూయార్క్‌కు చేరింది. హైతీ పేదరికానికి ఇదొక్కటే కారణమంటే అతిశయోక్తి అవుతుంది. పెట్టుబడి నిలవవలసిన మొదటి వందేళ్లలో అది నిలవకుండా చేసిన కారణాల్లో మాత్రం దీనిదే మొదటి పీట.

ఫ్రాన్స్ కట్టింది, జర్మనీకి జ్వరం వచ్చింది

ఫ్రాన్స్‌ను ఓడించాక 1871 ఫ్రాంక్‌ఫర్ట్ సంధిలో జర్మనీ తరఫున బిస్మార్క్ అడిగింది 500 కోట్ల ఫ్రాంకులు. ఫ్రాన్స్ ఒక ఏడాది మొత్తం ఆదాయంలో సుమారు నాలుగో వంతు. 1875 దాకా గడువున్నా 1873 సెప్టెంబరుకే ఫ్రాన్స్ పూర్తిగా కట్టేసింది, జర్మన్ సైన్యం వెనుదిరిగింది. అధ్యక్షుడు టియేర్ ప్రభుత్వ బాండ్లు అమ్మితే, 1872 అప్పుకు అడిగినదానికి పది రెట్లకు పైగా డబ్బు పెడతామని జనం, విదేశీ బ్యాంకులు ముందుకొచ్చాయి.

ఎలా సాధ్యమైంది? ఫ్రెంచి మదుపుదారుల దగ్గర విదేశీ బాండ్లు దండిగా ఉన్నాయి. వాటిని అమ్మి ప్రభుత్వ బాండ్లు కొన్నారు. ఫ్రెంచి సరుకును యూరప్ అంతా కొంటోంది, సుంకాలు తక్కువ. బెర్లిన్‌కు వెళ్లినదాంట్లో చాలాభాగం బంగారం కాదు, లండన్, ఆమ్‌స్టర్‌డామ్, హాంబర్గ్ వర్తకుల మీద రాసిన మారకపు హుండీలు. ఫ్రాన్స్ కట్టగలగడానికి దేశభక్తి ఎంత కారణమో తెరిచి ఉన్న సంతలూ అంతే కారణం.

పుచ్చుకున్నవాడి సంగతి చూడండి. జర్మనీ ఆ సొమ్ముతో పాత యుద్ధ బాండ్లు తీర్చింది, కోటలు కట్టింది, వెండి నుంచి బంగారు మార్కుకు మారింది, 12 కోట్ల మార్కుల బంగారు నాణేలను స్పాండౌ కోటలోని బురుజులో వచ్చే యుద్ధం కోసం దాచింది. బాండ్ల సొమ్ము తిరిగి చేతికొచ్చిన మదుపుదారులు దాన్ని షేర్లలోకి కుమ్మరించారు. రోజుకో రైలు కంపెనీ, బ్యాంకు పుట్టుకొచ్చాయి. 1873 మే నెలలో వియన్నా షేరు బజారు కూలింది, శరత్కాలానికి బెర్లినూ కూలింది. కూలడానికి పరిహారం ఒక్కటే కారణం కాదు. ఆ బుడగలోకి గాలి ఊదిన వాటిలో అదీ ఒకటి.

చైనా నుంచి జపాన్‌కు

1895లో షిమొనొసెకి సంధి కింద, యుద్ధంలో ఓడిన చైనా జపాన్‌కు 20 కోట్ల తేళ్ల వెండి ఒప్పుకుంది. తేలంటే చైనా వెండి తూకం. లియావోదుంగ్ ద్వీపకల్పాన్ని జపాన్ తిరిగి ఇచ్చినందుకు ఇంకో 3 కోట్లు. జపాన్ ఆ సొమ్మును లండన్‌లో ఉంచి, దాని ఆసరాతో 1897లో బంగారు ప్రమాణానికి మారింది. యవాటా ఉక్కు కర్మాగారానికీ కొంత వెళ్లింది, 1901లో అది పని మొదలుపెట్టింది. ఎక్కువ భాగం మాత్రం సైన్యానికి, నౌకాదళానికి పోయింది. యుద్ధం లాభసాటి వ్యాపారమన్న నమ్మకం ఆ దేశ పాలకుల్లో నాటుకుంది. పదేళ్ల తరువాత రష్యాను ఓడించి కూడా పరిహారం దొరకనప్పుడు 1905 సెప్టెంబరులో టోక్యో హిబియా పార్కు దగ్గర జనం తిరగబడ్డారు. లండన్, న్యూయార్క్‌ల్లో చేసిన యుద్ధపు అప్పు ఈసారి గెలిచిన జపాన్ నెత్తినే పడింది.

చైనా ఆ బాకీ తీర్చడానికి రష్యా, ఫ్రాన్స్, బ్రిటన్, జర్మనీ బ్యాంకుల దగ్గర అప్పు చేసింది, ఓడరేవుల సుంకాన్ని తాకట్టు పెట్టింది. బాక్సర్ల తిరుగుబాటును అణచడానికి 1900లో ఎనిమిది దేశాల సేనలు పెకింగ్‌లో దిగాక, 1901లో ఇంకో 45 కోట్ల తేళ్లు మోపారు. 39 ఏళ్లు, 4 శాతం వడ్డీ, మొత్తం 98 కోట్లకు పైమాటే. అమెరికా తన వాటాలో కొంత వదులుకుని ఆ సొమ్ము చైనా విద్యార్థుల చదువుకు మళ్లించింది. నేటి చింగ్‌హువా విశ్వవిద్యాలయం 1911లో అలా పుట్టింది. పరిహారం నుంచి చైనాకు దక్కిన మేలు ఏదైనా ఉంటే, అది పుచ్చుకున్నవాడు తిరిగి ఇచ్చిన భాగంలోనే ఉంది.

వెర్సాయి: సరుకు వద్దు, సొమ్ము కావాలి

మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీతో చేసుకున్న వెర్సాయి సంధిలో మాట మారింది. జుర్మానా కాదు, పౌరుల నష్టానికి పరిహారం మాత్రమే అన్నారు. అని, సైనికుల పింఛన్లు కూడా అందులో కలిపారు. 1921 మేలో లండన్‌లో తేల్చిన అంకె 13,200 కోట్ల బంగారు మార్కులు. అందులో 8,200 కోట్లు కాగితం మీది బాండ్లు, వసూలవుతాయని వేసినవాళ్లకూ నమ్మకం లేదు. అసలు అడిగింది 5,000 కోట్లు. గెలిచిన దేశాల ఓటర్లను సంతోషపెట్టడానికి పెద్ద అంకె, కట్టించడానికి చిన్న అంకె. జర్మన్ ఓటరుకు మాత్రం పెద్ద అంకే కనిపించింది.

బ్రిటిష్ ఖజానా తరఫున పారిస్ శాంతి చర్చలకు వెళ్లిన ఆర్థికవేత్త కీన్స్ 1919 జూన్‌లో రాజీనామా చేశాడు. డిసెంబరులో అచ్చయిన పుస్తకంలో జర్మనీ ఇంత కట్టలేదని వాదించాడు. తరువాతి చర్చలో అసలు చిక్కుముడి తేలింది. ఒక రైతు పక్కూరి షావుకారుకు బాకీ ఉన్నాడనుకుందాం. షావుకారు రైతు ధాన్యం కొనడు, తన కొట్లో ధర పడిపోతుందని భయం. సంతలోకీ రానివ్వడు. రొక్కమే కావాలంటాడు. అప్పుడు రైతు మూడో ఊళ్లో అప్పు చేయాలి, లేదా పారిపోవాలి. జర్మన్ ప్రభుత్వం పన్నులు వేసి మార్కులు పోగుచేయగలదు. పారిస్‌కు కావలసింది మార్కులు కాదు. ఫ్రాంకులో పౌండ్లో డాలర్లో రావాలంటే జర్మన్ సరుకు బయట అమ్ముడుపోవాలి. బ్రిటన్ 1921లో జర్మన్ సరుకుల మీద 26 శాతం వసూలు పెట్టింది. అమెరికా 1922లోనూ 1930లోనూ సుంకాలు పెంచింది.

సరుకుగా కట్టిన చోట కూడా గెలిచినవాడికి దెబ్బ తగిలింది. జర్మనీ పరిహారం కింద ఫ్రాన్స్‌కు, ఇటలీకి పంపిన బొగ్గు అక్కడ బ్రిటిష్ బొగ్గుకు గిరాకీ లేకుండా చేసింది. జర్మన్ వర్తక నౌకలను బ్రిటన్ పంచుకుంటే బ్రిటిష్ నౌకా నిర్మాణ కేంద్రాలకు ఆర్డర్లు తగ్గాయి. 1923లో ఫ్రాన్స్, బెల్జియం జర్మనీలోని రూర్ లోయను ఆక్రమించి అక్కడ గనులు ఆగినప్పుడు బ్రిటిష్ బొగ్గుకు కొన్నాళ్లు మంచి ధర పలికింది. రూర్ తిరిగి పనిలోకి రాగానే ధర పడిపోయింది. దానికి తోడు 1925లో పౌండును పాత బంగారు విలువకు కట్టేశారు. గని యజమానులు కూలి తగ్గించబోతే 1926 మేలో దేశవ్యాప్త సమ్మె జరిగింది.

ఫ్రాన్స్ చేసిన పొరపాటు వేరు. ధ్వంసమైన ఉత్తర జిల్లాలను తిరిగి కట్టే ఖర్చును జర్మనీ ఇస్తుందన్న ధీమాతో వేరే బడ్జెట్‌గా రాసి, ఈలోగా అప్పు చేస్తూ పోయింది. యుద్ధానికి ముందు పౌండుకు 25 ఉన్న ఫ్రాంకు 1926 జులైలో 240 దాకా జారింది. ప్వాంకరే మళ్లీ ప్రధాని అయి పన్నులు పెంచాక గాని నిలదొక్కుకోలేదు.

జర్మనీలో 1923 నవంబరుకు డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు. దీనికి పరిహారమే కారణమని జర్మన్లు అనడం సహజం. యుద్ధ ఖర్చును పన్నులతో కాక అప్పుతో నడిపించడం, రూర్ కార్మికుల నిరసనకు నోట్లు అచ్చువేసి జీతాలివ్వడం అంతకన్నా దగ్గరి కారణాలు. 1924 డావెస్ పథకం, 1929 యంగ్ పథకం వాయిదాలను సర్దాయి. యంగ్ లెక్క ప్రకారం జర్మనీ 1988 దాకా కట్టాలి. ఈలోగా అమెరికన్ బ్యాంకులు జర్మనీకి అప్పిచ్చాయి, జర్మనీ దానితో ఫ్రాన్స్, బ్రిటన్‌లకు కట్టింది, ఆ దేశాలు అమెరికాకు తమ యుద్ధపు అప్పు తీర్చాయి. న్యూయార్క్‌లో బయలుదేరిన డాలరు యూరప్ తిరిగి న్యూయార్క్ చేరేది. 1929 తరువాత అప్పు ఆగింది, చక్రం ఆగింది. జర్మన్ ప్రధాని బ్రూనింగ్ జీతాలు కోసి, పన్నులు పెంచాడు. కట్టలేమని లోకానికి చూపించడం కూడా అందులో ఒక ఉద్దేశం. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. ఆ జులైలో లోజాన్‌లో పరిహారం రద్దయింది, ఆరు నెలలకు హిట్లర్ వచ్చాడు.

జర్మనీ కట్టింది మొత్తం సుమారు 2,000 కోట్ల బంగారు మార్కులని ఎక్కువమంది అంచనా. తెచ్చిన అప్పు అంతకు మించింది, అందులో చాలావరకు ఎగ్గొట్టింది. కీన్స్ మాటే వేదమనుకున్న తరానికి ఫ్రెంచి ఆర్థికవేత్త ఎతియెన్ మాంతూ గట్టి జవాబు చెప్పాడు: హిట్లర్ ఆయుధాల మీద ఏటా పెట్టిన ఖర్చు ముందు పరిహారపు వాయిదా ఏపాటిది? ఆ జవాబులో నిజముంది. 1940 తరువాత నాజీలు ఆక్రమిత ఫ్రాన్స్ దగ్గర రోజుకు 2 కోట్ల మార్కుల చొప్పున సైన్యం ఖర్చు పిండారు. మెడ మీద కత్తి ఉంటే ఎంతైనా వసూలవుతుంది. శాంతికాలంలో, ఓట్లు వేసే జనం దగ్గర, సంతలు మూసి వసూలు చేయడమే కుదరని పని.

ఓడలతో తీర్చిన బాకీ

1944 సెప్టెంబరు సంధిలో సోవియట్ యూనియన్ ఫిన్లాండ్ మీద వేసింది 30 కోట్ల డాలర్లు. ఆ దేశ జనాభా 40 లక్షల లోపు. పైగా వదులుకున్న కరేలియా నుంచి వచ్చిన నాలుగు లక్షల మందికి ఇల్లూ నేలా చూపించాలి. చెల్లింపు రొక్కంగా కాదు, సరుకుగా. లెక్క 1938 ధరల్లో. ఆలస్యమైతే నెలకు 5 శాతం జుర్మానా. యుద్ధానికి ముందు ఫిన్లాండ్ అమ్మింది కలప, కాగితం. మాస్కో అడిగింది ఎక్కువగా ఓడలు, యంత్రాలు. స్వీడన్, అమెరికా నుంచి అప్పు తెచ్చి కార్ఖానాలు కట్టి, కూలీలకు కొత్త పని నేర్పి ఫిన్లాండ్ ఆ సరుకు తయారుచేసింది. గడువు ఎనిమిదేళ్లకు పెరిగింది, బాకీ చివరికి 22.65 కోట్లకు తగ్గింది. 1952 సెప్టెంబరులో ఆఖరి రైలు సరిహద్దు దాటింది. హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగింది ఆ వేసవిలోనే.

బాకీ తీరాక కూడా సోవియట్లు అవే ఓడలు డబ్బిచ్చి కొన్నారు. ఫిన్లాండ్ లోహ పరిశ్రమకు నలభై ఏళ్లు కొనేవాడు దొరికాడు. 1991లో ఆ కొనేవాడు మాయమైనప్పుడు దేశం పెద్ద మాంద్యంలో పడింది. పరిహారం లేకపోయినా ఆ పరిశ్రమ ఎదిగేదేనని వాదించేవాళ్లూ ఉన్నారు. ఏదేమైనా ఇక్కడ షావుకారు ధాన్యమే పుచ్చుకున్నాడు. బాకీ తీరింది.

జపాన్ దీన్నే వ్యాపారంగా మలిచింది. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో సంధి తరువాత బర్మాకు 20 కోట్లు, ఫిలిప్పీన్స్‌కు 55 కోట్లు, ఇండోనేషియాకు 22 కోట్ల 30 లక్షల డాలర్ల మేర జపాన్ సరుకులు, సేవలు ఇచ్చింది. బర్మాలో జలవిద్యుత్ కేంద్రం, జకార్తాలో పెద్ద హోటలు లేచాయి. వాటి వెంటే జపాన్ కంపెనీలు ఆ సంతల్లో స్థిరపడ్డాయి. భారతదేశం 1952 జూన్ 9 సంధిలో పరిహారం అడగనే అడగలేదు. 1958లో జపాన్ ఇచ్చిన మొట్టమొదటి యెన్ అప్పు భారత్‌కే వచ్చింది. దక్షిణ కొరియా 1965లో జపాన్ నుంచి పుచ్చుకున్న 30 కోట్ల డాలర్ల గ్రాంటు, 20 కోట్ల డాలర్ల అప్పు నుంచి పొహాంగ్ ఉక్కు కర్మాగారానికి పెట్టుబడి పెట్టింది. దేశం బాగుపడింది. జపాన్ గనుల్లో, కార్ఖానాల్లో వెట్టి చేసిన మనుషులకు దక్కింది స్వల్పం. అందుకే 2018లో కూడా దక్షిణ కొరియా సుప్రీంకోర్టు జపాన్ కంపెనీల మీద తీర్పు ఇవ్వవలసి వచ్చింది.

జర్మనీలో రెండు దారులూ పక్కపక్కనే కనిపిస్తాయి. తూర్పు భాగంలో సోవియట్లు కార్ఖానాలు విప్పి, రైలు పట్టాలు ఊడదీసి తరలించారు. తరలించిన యంత్రాలు చాలా చోట్ల వాడకానికి రాకుండా తుప్పు పట్టాయి. 1953 దాకా తూర్పు జర్మనీ కడుతూనే ఉంది. పశ్చిమాన విప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆపారు, 1948 నుంచి మార్షల్ సాయం ఇచ్చారు. 1953 లండన్ ఒప్పందంలో పాత అప్పుల్లో సుమారు సగం మాఫీ చేశారు. ఆ సర్దుబాటులో మిగిలిన పాత బాండ్ల వడ్డీ చివరి వాయిదాను జర్మనీ 2010 అక్టోబరు 3న చెల్లించింది.

ఈనాటి లెక్క

ఈ లెక్క ఇప్పుడు ఉక్రెయిన్ దగ్గర మళ్లీ తెరుచుకుంది. 2025 ఫిబ్రవరి నాటి ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం ఆ దేశ పునర్నిర్మాణానికి పదేళ్లలో 52,400 కోట్ల డాలర్లు కావాలి. పశ్చిమ దేశాలు స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు నిధులు సుమారు 30,000 కోట్ల డాలర్లు, ఎక్కువ భాగం బెల్జియంలో ఉన్నాయి. ఆ నిధుల మీది రాబడిని చూపించి 2024లో జీ-7 దేశాలు 5,000 కోట్ల డాలర్ల అప్పు సమకూర్చాయి. ఈ సొమ్ముకు ఒక సౌకర్యం ఉంది. ఇది ముందే యూరోలుగా మారిన సొమ్ము, రష్యా సరుకు కొత్తగా అమ్ముడుపోనక్కరలేదు. అసలును కూడా తీసేసుకుంటే రేపు ఇతర దేశాలు తమ నిల్వలు యూరప్‌లో దాస్తాయా అన్నది వెనక్కి లాగుతున్న భయం. ఆ నిధి చాలనిచోట మాత్రం పాత ప్రశ్నే ఎదురవుతుంది: రష్యా చమురు, గ్యాసు కొనకుండా రష్యా చేత కట్టించడం ఎలా?

ఈ రెండు వందల ఏళ్ల లెక్కల నుంచి నాకు తేలింది ఇది. పరిహారం న్యాయమే, నష్టపోయినవాడిని వదిలేయడం శాంతి కాదు. అయితే కట్టే దేశపు సరుకును కొనడానికి ఇష్టపడనివాడికి కట్టించే ఆశ ఉండకూడదు. అంకె యుద్ధం చేసిన తరం తన బతుకులో తీర్చగలిగేదై ఉండాలి. వచ్చిన సొమ్ము ఖజానాకో బురుజుకో పోకుండా, కువైట్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కూలీ దాకా చేరాలి. ఈ మూడూ లేని పరిహారం ఓడినవాడిని అప్పులో ముంచుతుంది, గెలిచినవాడికి సొంత గనుల్లో సమ్మె మిగులుస్తుంది.